అద్దాల పైకప్పు మీద మనిషి

నిచ్చెన మొదట్లో ఇసుక బకెట్ ముందు నిలబడి, కుడికాలు ఎత్తబోయి ఆగిపోయాడు. పైకెక్కే ముందు గుడ్డబూట్ల అడుగులు తడిపి ఇసుకలో నాలుగుసార్లు రుద్దుకోవడం ఇరవై ఆరేళ్ల అలవాటు. అలా రుద్దితేనే పాదం ఇనుపకడ్డీని పట్టుకుంటుంది. ఇవాళ కాళ్లకున్నవి కూతురి పెళ్లికి కొన్న తోలుబూట్లు. రుద్దితే గీతలు పడతాయి. కాలు దించేశాడు.

రైల్వేస్టేషను వాలు పైకప్పంతా అద్దాలే. వాటిని కడగడం అతని పని. కింద నడిచేవాళ్లకి అతనొక నీడ. పెళ్లానికైనా అంతే.

"ఇన్నేళ్ల కాపురంలో నువ్వు పని చేస్తుండగా ఒక్కసారీ చూళ్లేదయ్యా," అంది ఆమె పొద్దున, కొత్త చొక్కాకి గుండీలు పెడుతూ. "ఇవాళ తీసే ఆ ఫొటోలోనైనా చూస్తా. పదింటికి గడియారం కింద నిలబడతాను. చెయ్యి ఊపు, నువ్వేనని తెలుస్తుంది."

"పైన నేను కాక మీ నాన్నుంటాడా?"

ఆమె నవ్వింది గానీ, గుమ్మం దాకా వచ్చి, "తాడు సరిగ్గా తగిలించుకో," అంది. ఎప్పుడూ అనని మాట.

ఫొటోలు తీసేది పరాయి దేశం నుంచి వచ్చిన నెరిసిన జుట్టావిడ. దేశాలు తిరుగుతూ, పనిలో ఉన్న మనుషుల్ని ఉన్నదున్నట్టే తీస్తుందట. నిన్న అతను మధ్యాహ్నం తింటుంటే ఎదురుగా చతికిలబడి, అతని గుడ్డబూట్లనే చాలాసేపు తీసింది. ఎడమదాంట్లోంచి బొటనవేలు బయటికొచ్చి ఉంది. సిగ్గుతో కాలు వెనక్కి లాక్కున్నాడు. ఇంటికెళ్లి ఆ సంగతి చెప్పగానే భార్య పెట్టె తెరిచి ఈ తోలుబూట్లు తీసింది.

"ఏం బావా, ఇంకో పెళ్లా? మా అక్కకి తెలుసా?" నీళ్లబకెట్లు తాడుకి కట్టి పైకి పంపే బావమరిది పళ్లికిలించాడు.

"మీ అక్కే ముస్తాబు చేసి పంపిందిరా."

అప్పుడే నవ్వుతూ వచ్చిన ఫొటోగ్రాఫరు అతని కాళ్లు చూడగానే నవ్వడం మానేసింది. ఇసుక బకెట్ పక్కనున్న గుడ్డబూట్లని చూపించి, అతని పాదాలని చూపించి, తల అడ్డంగా ఊపింది.

"అవే వేసుకోమంటోంది బావా."

"ఛ! దేశదేశాలకీ చూపించేది నా బొటనవేలా?"

గుడ్డబూట్లని కాలితో బకెట్ వెనక్కి నెట్టేశాడు. ఆవిడ ఇంకా ఏదో చెప్పబోయింది. భాష చాలక ఊరుకుంది.

పైన మంచు ఇంకా ఆరలేదు. ఆవిడ చివరనున్న కటకటాల దగ్గర నిలబడింది. అతను కడ్డీ మీద అడుగు వేశాడు. టక్. పావురాలు ఒక్కసారిగా లేచాయి. ఇన్నేళ్లూ ఇక్కడ అతని అడుగు చప్పుడు వాటికి తెలియదు.

అతని పాదాలకి కళ్లుండేవి. ఇవాళ అవి మూసుకున్నాయి. నడుము తాడు కొక్కేన్ని ఒక కడ్డీ నుంచి తీసి, పక్క కడ్డీకి తగిలించేదాకా పాదాలే దిక్కు. మూడో కడ్డీ దగ్గర మడమ బొటనవేలంత జారింది. ఆగాడు. వట్టికాళ్లతో నడిస్తే నయమనిపించింది. అటునుంచి కెమెరా క్లిక్కుమంది. పొట్ట లోపలికి లాక్కుని నిటారుగా నిలబడ్డాడు.

గడియారం పది కొట్టేసరికి సరిగ్గా దాని పైనున్న అద్దం కడిగాడు. శుభ్రంగా, రెండుసార్లు. లోతులో ఆకుపచ్చ చీర కనిపించింది. పైకెత్తిన మొహం, అగ్గిపుల్ల తలంత. కొక్కెం తీసి చేతిలో పట్టుకుని, పక్క కడ్డీ మీదికి అడుగేస్తూ, రెండో చెయ్యి ఎత్తాడు.

గడియారం కింద ఆమెకి అద్దం మీద చెయ్యి ఊపుతున్న నీడ కనిపించింది. తనూ ఊపింది. చెయ్యి దించేలోపు ఆ నీడ వాలు వెంట జారి మాయమైంది. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు.

సాయంత్రం బావమరిది బకెట్లు సర్దడానికి వచ్చాడు. ఇసుక బకెట్ వెనక గుడ్డబూట్లు ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి. అడుగులకి నిన్నటి ఇసుక ఇంకా అంటుకునే ఉంది.