స్నాప్‌షాట్ ఉందిగా!

మా బావకు సొంత స్కానింగ్ సెంటర్ ఉంది. అక్కడి కంప్యూటర్లు చూసేది నేను. జీతమిచ్చి పెట్టుకున్నా, ఇంటిమనిషినని నా మాటంటే ఆయనకు పూచికపుల్లతో సమానం.

ఆర్నెల్ల కిందట అక్క కాలేయంలో చిన్న గడ్డ కనబడింది. "కొన్నాళ్ళాగి మళ్ళీ స్కాన్ తీసి, పాతదాని పక్కన పెట్టి చూద్దాం. పెరగకపోతే కోయక్కర్లేదు" అన్నారు డాక్టరమ్మ. ఫిల్మూ, రిపోర్టు కాగితమూ తీయించమంటే బావ నవ్వాడు.

"మన సెంటర్లో మనకి కాగితాలేంటి మరదలా? అంతా సర్వర్లో ఉంటుందిగా!"

ఆ సర్వర్ ఒక వర్చువల్ మెషీన్, అంటే పెద్ద కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్. అక్క స్కాన్‌కు కొద్దిరోజుల ముందు, సాఫ్ట్‌వేర్ మారుస్తూ దానికో స్నాప్‌షాట్ తీశాను. ఏదైనా చెడితే ఆ క్షణానికి వెనక్కి వెళ్ళొచ్చు. ఏమీ చెడలేదు. తీసేస్తానంటే బావ ఒప్పుకోలేదు.

"ఉండనీ. అదే బ్యాకప్పు."

"కాదు బావా. ఆ రోజు నుంచి వచ్చే ప్రతి స్కానూ విడిగా ఒక ఫైల్లో పడుతోంది. అది పెరిగేకొద్దీ మెషీన్ నత్తనడక నడుస్తుంది. బ్యాకప్పంటే వేరే డబ్బాలో వేరే కాపీ."

"స్నాప్‌షాట్ ఉందిగా!"

గోడకు చెప్పుకున్నా బాగుండేది. అనుకున్నంతా అయింది. ఒక్క స్కాన్ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చని రిసెప్షన్ అమ్మాయి ఎగతాళి చేసేది. పేషెంట్లు బావను తిట్టేవాళ్ళు, బావ నన్ను తిట్టేవాడు. చివరికి ఆయనే తీసెయ్యమన్నాడు.

తీసెయ్యడమంటే ఇన్నాళ్ళ ఫైలునూ అసలు డిస్కులో కలపాలి. గంటలు పడుతుంది, అంతసేపూ మెషీన్ ఇంకా మొరాయిస్తుంది. సెలవురోజు చేద్దామన్నాను. బావకు అంత ఓపికేది? నేను భోజనానికి వెళ్ళగానే తనే కుర్చీలో కూర్చున్నాడు. 'తీసెయ్' నొక్కితే ఆలస్యమని నేనే చెప్పాను కదా, పక్కనున్న 'వెనక్కి వెళ్ళు' నొక్కాడు. అది చిటికెలో అయిపోయింది.

"చూశావా మరదలా, మొదట్లో ఉన్నంత స్పీడొచ్చేసింది!"

స్కాన్ల జాబితా తెరిచి చూశాను. "మొదటికే వెళ్ళిపోయాం బావా. ఆ విడి ఫైలు చెరిగి, తర్వాతి స్కాన్లన్నీ పోయాయి. అక్కది కూడా."

"మళ్ళీ ముందుకి తీసుకురా."

"రాదు."

"స్నాప్‌షాట్..." అని ఆగిపోయాడు. చెంప పగలగొట్టాలనిపించింది.

నిన్న అక్కకు మళ్ళీ స్కాన్ తీశారు. బొమ్మ రెప్పపాటులో తెర మీదికొచ్చింది. గడ్డ స్పష్టంగా ఉంది. పక్కన పెట్టి చూడడానికి మాత్రం ఏమీ లేదు. రోజూ ఎందరినో చూసే డాక్టరమ్మకు పాత కొలత గుర్తులేదు.

"ఊరికే వదిలెయ్యలేం, ఆపరేషన్ చేసేద్దాం" అన్నారామె.

బావ తలుపు దగ్గర నేల చూపులు చూస్తున్నాడు. అక్క లేచి కూర్చుని, కంప్యూటర్ల సంగతి తెలిసినదాన్ని కదా అని నన్నే అడిగింది.

"అది పెరిగిందంటావా?"

"తెలీదక్కా."