కంచు కాలు

అయినా దాన్ని దొంగతనం అనడానికి లేదు, అనుకుంది థిర్జా, కోటు జేబులో బొటనవేలంత కంచు కాలును తడుముకుంటూ. దొంగైతే అమ్ముకుంటాడు. తను దాన్ని తమ్ముడు ఎడ్గర్ తలగడ కింద పెట్టింది, అంతే.

మూడు వారాల కిందట, ఇంగ్లండులోని సోమర్సెట్‌లో ఒక కొండ మీద తవ్వకాల్లో, రోమన్లనాటి గుడి పునాది మూలలో మట్టి గీకుతుంటే దొరికింది. ఏది దొరికినా చోటు కొలిచి, చీటీ రాసి, సంచిలో వెయ్యాలి. ఆరేళ్లుగా ఆ పని చేస్తున్న చెయ్యే ఆ రోజు జేబులోకి పోయింది. అది ఎవరో కాలు నయమైతే ఇస్తామని మొక్కుకుని, నయమయ్యాక దేవుడికి తెచ్చి ఇచ్చినది. వాళ్లను చూసిన దేవుడు కాలి పుండుతో మంచం పట్టిన ఎడ్గర్‌ని చూడడా?

చూపిస్తే ఎడ్గర్ నవ్వాడు. "ఒక కాలు పోతే మేజోళ్లు సగం మిగులుతాయిలే అక్కా. ఇది మాత్రం ఎవరిదో మొక్కు. వాళ్లొచ్చి అడిగితే ఏం చెప్తావ్?"

ఆ మర్నాటి నుంచే వినిపించసాగింది. పట్టపగలు, టీ కాచుకుంటుంటే, మేడమెట్ల మీద ఒక అడుగు. రెండోది ఉండదు. కాసేపటికి మళ్లీ ఒకటి. ఎడ్గర్ మంచం దిగలేడు. అది తన మనసేనని ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన అడుగు ఆగలేదు. ఎడ్గర్ మడమ పుండు నల్లబడింది. రేపు పొద్దున డాక్టర్లు మోకాలి కింది నుంచి కాలు తీసేస్తారు.

ఇవాళ తవ్వకం ముగించి గుంటలు పూడుస్తున్నారు. పొద్దున్నే తలగడ కింద నుంచి కంచు కాలు తీసి జేబులో వేసుకుని వచ్చింది. గట్టు మీద మట్టి యంత్రం గుర్రుమంటోంది. తవ్వకాన్ని నడిపించే రోవెనా, ఈ ఏటి పెన్నీ ఒకటి తెచ్చి ఆమె అరచేతిలో పెట్టింది. పూడ్చేముందు అడుగున ఒక కొత్త నాణెం వదలడం వాళ్ల ఆనవాయితీ.

"మీరే వెయ్యండి థిర్జా గారూ. ఎప్పుడో ఎవరో తవ్వితే, మనం ఇక్కడికొచ్చామని తెలియాలిగా."

నిచ్చెన దిగింది. వెనక మెట్టు మీద ఒక అడుగు చప్పుడైంది. ఆమె తిరిగి చూడలేదు.

చెప్పేస్తే రోవెనా తిట్టదు. చీటీ కట్టి మ్యూజియం అద్దాల బీరువాలో పెట్టిస్తుంది. తన కాలు వెతుక్కుంటూ అక్కడికి ఆ అడుగు వెళ్లగలదా? ఎన్ని మెట్లెక్కాలి, పాపం, ఒక్క కాలితో.

ఎడ్గర్ కోసం ఆమె ఇక ఏమీ అడగలేదు. కాలు దొరికిన మూలనే మోకరిల్లి పెన్నీ పెట్టింది. దాని పక్కన, వేళ్లు గుడి గడప వైపుండేలా, కంచు కాలు ఆనించి, యంత్రం కదలకముందే గుప్పెడు మట్టి కప్పింది.