సోని పది రోజుల పరిశీలన

సోనిని ఆసుపత్రిలో చేర్చాలని ఎవరూ అనుకోలేదు. అనంతగిరి దగ్గర కొండ మీది ఊరి నుంచి తల్లి యర్రమ్మ ఆమెను విశాఖపట్నం తీసుకొచ్చింది వికలాంగుల సర్టిఫికెట్ కోసం. సోనికి ఇరవై రెండేళ్లు. ఆటిజం ఉంది. మాట తక్కువ, గోల అస్సలు పడదు. సర్టిఫికెట్లిచ్చే క్యాంపులో మైకు చెవి పక్కనే మోగేసరికి కేకలు పెట్టి, తల గోడకేసి కొట్టుకుంది. అక్కడున్న పెద్దలు మైకు ఆపడం తప్ప అన్నీ ఆలోచించి, ఆమెను మానసిక వార్డుకు పంపారు.

"పది రోజుల పరిశీలన" అన్నారు. ఆ పరిశీలన వాళ్లకు బాగా నచ్చినట్టుంది, ఏడు నెలలు సాగింది.

వార్డులో రోగుల ఆనందం కోసం పొద్దస్తమానం టీవీ మోగేది. సోని చెవులు మూసుకునేది. "లేని మాటలు వినిపిస్తున్నాయి" అని రాసుకున్నారు. ఉన్న టీవీ సంగతి ఎవరూ రాయలేదు. మాత్ర పెంచారు. మత్తులో తూలితే మెరుగుపడిందన్నారు. మెలకువొచ్చి అరిస్తే తిరగబెట్టిందని ఇంకో మాత్ర కలిపారు.

నెలకోసారి యర్రమ్మ వచ్చేది.

"బాబూ, మా గుంటకి జబ్బేటీ లేదు. పుట్టిన కాడ్నించీ అంతే. ఆ టీవీ ఆపండి, సాలు," అని డాక్టరు ఫణీంద్రను బతిమాలింది.

"ఏమ్మా, డాక్టరు నువ్వా నేనా?" అని నవ్వాడాయన. "ఇంటికి పంపాలంటే మీ ఊళ్లో స్పెషలిస్టు ఉన్నాడని కాగితం తే."

"మా ఊరికి బస్సే రాదు బాబూ."

"మరి! అందుకేగా ఇక్కడ ఉంచింది."

ఏడోసారి వచ్చినప్పుడు సోని తల్లిని చూసి కళ్లు కూడా ఎత్తలేదు. చేతులు వణుకుతున్నాయి, నోటి పక్క చొంగ కారుతోంది. యర్రమ్మ కొంగుతో తుడిచి, మంచం పక్కన నేల మీద కూలబడింది.

"టైమైపోనాది, లెగు," అంది ఆయా పైడితల్లి.

"నాను కదల్ను. ఏటి సేత్తారో సేయండి."

పైడితల్లి ఆ ఇద్దరినీ కాసేపు చూసింది. స్టూలెక్కి టీవీ వైరు పీకేసింది. అడిగినవాళ్లకు పాడైపోయిందని చెప్పింది. రిపేరు మనిషి మామూలు పద్ధతిలోనే, అంటే పన్నెండు రోజులకు వచ్చాడు.

ఆ పన్నెండు రోజులూ యర్రమ్మ మంచం పక్కనే ఉంది, సోని అరవలేదు. ఐదో రోజు "అమ్మా, గంజి" అంది. ఫణీంద్ర పొంగిపోయాడు. తన కొత్త మాత్ర అద్భుతంగా పనిచేసిందని జూనియర్లను పిలిచి మరీ చూపించాడు. ఆ సంబరంలో స్పెషలిస్టు కాగితం మాటే మరిచి డిశ్చార్జి మీద సంతకం పెట్టేశాడు.

"అంతా తమ మందే బాబూ," అని దణ్ణం పెట్టింది యర్రమ్మ. పిల్ల బయటపడితే చాలు, గొప్ప ఎవరిదైతే ఏటి!

కొండెక్కుతూ సోని నాలుగుసార్లు ఆయాసంతో కూర్చుండిపోయింది. యర్రమ్మ తొందరపెట్టలేదు. కొండ కింది ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ మాధవి మాత్రలు కొంచెం కొంచెంగా తగ్గించింది. వణుకు పోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు సోని ఒక్కతే ఊటకు వెళ్లి నీళ్లు తెస్తోంది. ఆమె తిరిగొచ్చేదాకా యర్రమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంటుంది.