కడప తీసేశారు

వంటింటి గట్టు మీద ఏ రాయి వేయించాలన్న సంగతి ముత్యాలయ్య ఇంట్లో చాలా రోజులుగా నలుగుతోంది. కొడుకు సుబ్బు తెల్ల పాలరాయి అంటాడు. కోడలు సుభాషిణి నల్ల గ్రానైట్ అంటుంది. ముత్యాలయ్యను అడిగితే ఒకే మాట అన్నాడు.

"కూడు ఉడికేది పొయ్యి మీద. రాయి మీద కాదు."

భార్య మాలకొండమ్మ పోయినప్పటి నుంచి అతను ఆ ఇంట్లో దేనికీ అవుననలేదు, కాదనలేదు. పలకరించడానికి వచ్చేవాళ్ళు అతని ముఖం చూసి రావడం మానుకున్నారు. అదీ మంచిదే అనుకున్నాడు.

ఆ పొద్దున సముద్రం ఒడ్డున వల బాగుచేసుకుంటుంటే పక్కింటి మగ్దలీనమ్మ చేపల బుట్టతో వచ్చింది.

"ఏం ముత్యాలన్నా, ఈడ చల్లంగా కూర్చోనుండావే? ఆడ నీ కోడలు కడప తీపిచ్చేస్తా ఉండాది. మేస్త్రీ గడ్డపార తీసుకొని దిగినాడు."

"ఏం తీపిస్తా ఉండాది?"

"కడప, అన్నా, కడప! చెవుడా? పాతదైపోయిందంట, అందం లేదంట."

ఆ తీరంలో ఇంటి గడపను కడప అంటారు. ముత్యాలయ్య ఇంటిది వేపచెక్క గడప. మాలకొండమ్మ ప్రతి శుక్రవారం దానికి పూసిన పసుపు చెక్క లోపలికి దిగిపోయి, ఆమె పోయాక ఎన్ని వానలు కొట్టినా పోలేదు. పడవలు ఆలస్యమైతే ఆమె ఆ గడప మీదే కూర్చుని సముద్రం వైపు చూసేది. అక్కడ కూర్చోకూడదని ఎంత తిట్టినా వినేది కాదు. సరైన ఫొటో ఒక్కటి కూడా లేదు ఆమెది. ఉన్నది ఆ గడపే.

వల అక్కడే వదిలేశాడు. చెప్పులు తొడుక్కోలేదు. ఇసుక కాలుతోంది. దారి పొడవునా అనాల్సిన మాటలు ఏరుకున్నాడు. ఇల్లు నాది, గడపతో పాటు మీరూ బయటికి నడవండి. ఆ మాట అన్నాక వెనక్కి తీసుకునేది ఉండదని తెలుసు. అయినా అనాలనే నడిచాడు.

ఇంటి ముందు నల్లరాతి పెళ్ళలు కుప్పగా పడి ఉన్నాయి. గడప మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

దాని మీదే కూలబడ్డాడు.

సుభాషిణి నీళ్ళ చెంబుతో పరుగెత్తుకొచ్చింది. "ఏంది మామా, అట్టా వచ్చినావు? చెప్పులేవి?"

"కడప తీపిస్తా ఉండావంట?"

"తీసేసినారుగా. అదిగో పెళ్ళలు. వంటింటి గట్టు మీది కడప బండ. అంచులంతా పెచ్చులు లేచిపోయుండె."

"కడప ఊరి బండా?"

"మరి యే కడప..." ఆమె చూపు అతను కూర్చున్న చోటుకు పోయింది. "అయ్యో మామా! ఇంటి కడప అనుకున్నావా? అత్త పసుపు పూసింది నేను తీపిస్తానా?" నవ్వబోయి, అతని కళ్ళు చూసి ఆపుకుంది.

"ఆ మగ్దలీనమ్మ నోట్లో మట్టిగొట్ట," అని చెంబెత్తి గడగడా తాగాడు. అనబోయిన మాటలు లోపలే ఉండిపోయాయి. ఆ పిల్లకు అవి ఎప్పటికీ తెలియవు. ఆ పూటకు అంతకంటే ఏం కావాలి?

సుబ్బు తెల్లరాయి ముక్క పట్టుకుని బయటికొచ్చాడు. "నువ్వన్నా చెప్పు నాయనా. తెల్లదైతే వంటిల్లు వెలిగిపోతాది."

"రెండిటి మీదా చేపల పులుసు పోసి పెట్టినా, చూడు మామా," అంది సుభాషిణి.

నల్లముక్క మామూలుగా ఉంది. తెల్లదాని మీద పులుసు పడినంత మేర నునుపు చచ్చి మచ్చ కట్టింది. ముత్యాలయ్య బొటనవేలితో రుద్దాడు. పోలేదు.

"నెల్లూరోడివై పుట్టి, పులుసుకు ఆగని రాయి తెస్తావంట్రా? నల్లదే ఎయ్యండి."

"కూడు ఉడికేది రాయి మీద కాదంటివే మొన్న?"

"అంటి. ఇప్పుడు ఇట్టా అంటా ఉండా. నీకేం?"

లేచి వంటింట్లోకి వెళ్ళాడు. మేస్త్రీ గోడ మీద పాత బండ గీతకే కొలత పెడుతున్నాడు. మాలకొండమ్మ పొట్టిది. ఆ ఎత్తు ఆమెది. సుభాషిణి ఇన్నాళ్ళూ నడుం వంచి వండుతోందన్న సంగతి అతనికి ఇప్పుడు తట్టింది.

"ఆ గీతకు పెట్టబాక మేస్త్రీ. ఈ పిల్లను నిలబెట్టి కొలువు."

సుభాషిణి గోడ దగ్గర నిలబడి, కూరగాయలు తరుగుతున్నట్టు చేతులు పెట్టింది. మేస్త్రీ పెన్సిలుతో గీశాడు.

"ఇంకొంచెం పైకి," అన్నాడు ముత్యాలయ్య.