పెద్దవీధి వాలు

గంటసేపు కురిసిన వానకే సందులో నీళ్లు మోకాలి లోతు వచ్చాయి. వచ్చింది వాననీరు ఒక్కటే అయితే ఎవరూ నోరెత్తేవాళ్లు కాదు. పెద్దవీధిలో కార్లు కడిగిన సబ్బు నురగ, కుక్కల మలం, పూలకుండీల మట్టి, అన్నీ కలిసి పల్లానికి వచ్చి బూట్లక్క ఇంట్లో దూరాయి.

మొగుడు పోయాక అతని రబ్బరు బూట్లు తొడుక్కుని వేడి తారు మీద పనికి దిగింది కాబట్టి ఆమెకా పేరు. మూడేళ్లుగా మంచం దిగని అత్త ఉంది. మంచం కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టారు. నీళ్లు వాటినీ దాటి మంచాన్ని తాకాయి.

"పిల్లా, నా వీపు తడుస్తోందే" అంది ముసలమ్మ.

బూట్లక్కా, ఆమె మరిదీ చెరోవైపు పట్టుకుని మంచాన్ని ఎత్తి నిలబడ్డారు. అదే సమయానికి సందు మొదట్లో, మెరక మీద, గొడుగు వేసుకుని ఒక పెద్దమనిషి ప్రత్యక్షమయ్యాడు. పెద్దవీధి సంఘానికి ప్రెసిడెంటు. ఆయన కుక్క పేరు అందరికీ తెలుసు, ఆయన పేరు ఎవరికీ తెలీదు. అందుకని సందువాళ్లు కుక్కాయన అంటారు.

"ఏమ్మా, నీళ్లిలా నిలవబెట్టుకుంటే దోమలు చేరవూ? మా ఇళ్లలోకి వస్తాయి" అన్నాడు సందులో మొదటిదైన ఆ ఇంటి తెరిచిన తలుపులోకి అక్కణ్ణుంచే తొంగిచూస్తూ. వీళ్లేదో ముచ్చటపడి బిందెలతో మోసుకొచ్చి పోసుకున్నట్టు!

"మీ నీళ్లే బాబుగారూ, దోమలతో సహా పట్టుకుపోండి" అన్నాడు మరిది, మంచం దించకుండానే.

పెద్దవీధి సంగతి చెప్పాలి. అక్కడ ఇళ్లకి పేర్లుంటాయి, మనుషులకి పలకరింపులుండవు. పక్కింట్లో మనిషి పోతే గేటు ముందు ఆగిన కార్లని బట్టి తెలుసుకోవాలి. చెట్లకి కూడా ఇనప కంచెలు కట్టారు, ఎక్కడ లేచి పల్లంవాళ్లతో కలిసిపోతాయో అని. దాన్ని ఆనుకుని నడివీధి. అద్దెవాటాల గుమస్తాలు, మేడమీద ఆరేసిన లోబట్టలు పెద్దవీధికి కనపడకుండా దుప్పటి అడ్డం కట్టుకునే మర్యాదస్తులు. నీళ్లు వాళ్ల గుమ్మాల్లోకీ వస్తాయి. తలుపులేసుకుని చప్పుడు కాకుండా తోడుకుంటారు. పల్లంవాళ్లతో కలిసి అడిగితే తమనీ పల్లంవాళ్లే అనుకుంటారని బెంగ. వాళ్ల కింద సందు. ఇక్కడ ఒకళ్లు దగ్గితే పదిళ్లవాళ్లు మందు చెబుతారు. ఊళ్లో రోడ్లేసే ముఠా అంతా ఉండేది ఇక్కడే.

మర్నాడు కుళాయి దగ్గర అందరూ పోగయ్యారు.

"ఈ నేల మంచిది కాదు. సందు కుంగిపోతోంది. ఒకప్పుడు మెట్టెక్కి ఇంట్లోకి వెళ్లేవాళ్లం, ఇప్పుడు దిగుతున్నాం" అన్నాడొక ముసలి కూలీ.

రోడ్డు రోలరు నడిపేది మరిదే. అతను పకపకా నవ్వాడు. "సందు కుంగలేదు తాతా. పెద్దవీధి రోడ్డు లేచింది. పాతది తీయకుండా దాని మీదే కొత్తది పోస్తున్నాం. నాలుగుసార్లయింది, ఒక్కోసారి బెత్తెడు."

"పోస్తున్నాం అంటావేంట్రా?"

"మరి పోసిందెవరు? నువ్వూ, నేనూ, వదినా. వాలు ఇటు పెట్టమన్నాడు మేస్త్రి. తాడు కట్టి మరీ పెట్టాం. బాగా కుదిరిందంటే పళ్లికిలించాం కూడా."

బూట్లక్కకి చెంప ఛెళ్లుమన్నట్టయింది. నాలుగోసారి పని అయ్యాక బకెట్టు నీళ్లు పోసి, అవి ఎక్కడా ఆగకుండా జారిపోతుంటే తనే మురిసిపోయింది. ఎటు పోతున్నాయో తలెత్తి చూడలేదు. చూస్తే తన గుమ్మమే కనిపించేది.

"సోమవారం ఐదోది మొదలు" అన్నాడు నడివీధిలో ఉండే మేస్త్రి, దూరంగా నిలబడి. "నన్నేం అనకండి. నేను మధ్యవాణ్ణి."

"అందుకేగా అన్నా, నీ ఇంట్లోకి సగం నీళ్లే వస్తున్నాయి!" అందెవరో. నవ్వులు లేచాయి.

బూట్లక్క నవ్వలేదు. "ఐదోది పడితే మా అత్త మునిగిపోతుంది. ఇంకెన్ని ఇటుకలు పెట్టను? ముందు అడుగుదాం. వినకపోతే మన చేతులు మన దగ్గరే ఉన్నాయిగా."

వెళ్లి, ఆ రోడ్డు వేయిస్తున్న పెద్దవీధి సంఘాన్ని అడిగారు. సంఘం వాళ్లు లోపల కుర్చీల్లో, వీళ్లు గేటు బయట. పాత పొరలు తీసేసి వేయండి, వాలు అవతలి పెద్దకాలవకి పెట్టండి. అంతే అడిగింది.

"రోడ్డు దించితే మా గేట్లు ఎత్తులో ఉండిపోతాయి. కార్లు కింద గీసుకుంటాయి" అన్నాడు కుక్కాయన.

"కారు కడుపు గీసుకోకూడదని మా ముసలమ్మ వీపు తడవాలా?"

"ఇది టెక్నికల్ విషయమమ్మా, నీకర్థం కాదు."

"రోడ్డేసేది మేము. అర్థమయ్యేది ఈయనకి!" అంది బూట్లక్క వెనక్కి తిరిగి. గేటు బయట ఈలలు.

సోమవారం పొద్దున వేడి తారుకంకరతో లారీ వచ్చింది, పొగలు కక్కుతూ. ముఠా అంతా వచ్చింది. పారలు కింద పెట్టి లారీ ముందు కూర్చుంది. మరిది రోలరు ఆపి తాళం జేబులో వేసుకున్నాడు.

"లేవండి! మాలు చల్లారితే రాయైపోతుంది!" కాంట్రాక్టరు గంతులేశాడు.

"మాకు తెలీదా? మేమేగా ఇన్నేళ్లూ కాళ్లు కాల్చుకుంది" అంది బూట్లక్క. "తొందరేం లేదు. చల్లారనీ."

కాంట్రాక్టరు ఫోన్ చేసి ఊరి అవతలి నుంచి ఇంకో ముఠాని వ్యానులో దింపాడు. మేడల మీద జనం కాఫీ కప్పులతో తమాషా చూడ్డానికి చేరారు. కొత్త ముఠా పారలు పట్టుకుని ముందుకొచ్చింది. బూట్లక్క లేచి, ముందున్న ఆడమనిషికి ఎదురెళ్లింది.

"అక్కా, ఒక్కమాట. మీ ఇంట్లోకి ఎక్కి వెళ్తారా, దిగి వెళ్తారా?"

ఆమె తెల్లబోయింది. "దిగే వెళ్తాం. మూడు మెట్లు. ఏం?"

"మీ పైవీధికి రోడ్డేసిందెవరు?"

ఆ మనిషి లారీ వైపు చూసింది, రోడ్డు వైపు చూసింది, వాలు వెంట సందు దాకా చూపు సాగించింది. తర్వాత తన ముఠా వైపు తిరిగింది. "ఒరే, మన కొంపలు ముంచింది మనమేరా!" అని పార విసిరికొట్టింది.

రెండు ముఠాలూ కలిసి కూర్చున్నాయి. లారీ మీద పొగ పలచబడి ఆగిపోయింది. కాంట్రాక్టరు గునపంతో పొడిచి చూశాడు. ఠంగుమంది. అప్పుడు పోలీసులొచ్చారు. కుక్కాయన మేడ మీంచే వేలు చూపించాడు. కిందికి దిగి చూపించేంత ధైర్యం ఆ వీధిలో ఎవరికుంది? బూట్లక్కని జబ్బ పట్టి ఈడ్చుకెళ్లారు.

"అత్తని చూసుకో!" అని మరిదికి అరిచింది.

"ముందు రోడ్డు సంగతి చూస్తా వదినా! అమ్మ సంగతి అందులోనే ఉంది!"

వ్యాను తలుపు పడింది. బండి ఇంకా కదల్లేదు. బయట దబ్‌మని ఒక దెబ్బ, వెంటనే ఇంకోటి, ఆపైన లెక్కపెట్టలేనన్ని. మేడల మీద ఆడవాళ్లు కెవ్వుమన్నారు.

"ఏంటా చప్పుడు?" అంది పక్కన కూర్చున్న ఆడ కానిస్టేబులు, కిటికీ జాలీకి మొహం ఆనించి.

బూట్లక్కకి చూడక్కర్లేకపోయింది. గునపం ఎక్కడ దిగిందో చప్పుడే చెప్పింది.

"నాలుగో పొర లేస్తోంది. కింద ఇంకా మూడున్నాయి."