తలుపు దగ్గర మీరున్నారు

ఇరవై ముఖాలున్న పాచిక అసలు ఎట్లా ఆగుతుంది, అన్ని మూలలుంటే దొర్లుతూనే ఉండాలి కదా, అనుకుంటూ ఎస్తేరు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది, రేగుపండంత ఉంది, ముఖానికొక అంకె, అంకెలు బస్సుల మీద చూసి చూసి ఎప్పుడో వచ్చాయి, అక్షరాలే యాభై రెండేళ్లకు వచ్చాయి, పాచికలు ముట్టుకోవడం పాపమని పాస్టరుగారు అంటారు, అంటే అననీ, ముట్టుకోనంటే సలోమి లేచి పొమ్మంటే, ఆళ్లగడ్డ నుంచి శిరివెళ్ల మీదుగా బస్సులో నిలబడి నంద్యాల దాకా వచ్చింది ఈ ఆట కోసమా, కూతురు సలోమి కోసం, ఏడేళ్లుగా తనతో మాట్లాడని కూతురికి ఒక్క మాట చెప్పి పోదామని, దారి పొడుగునా ఆ మాట పెదాల మీదే పెట్టుకుని వచ్చింది, మీ నాయనకు బయపడి తీయలేదు పాపా, అంతే, అది విని తిట్టినా సరే, ఏడ్చినా సరే, అమ్మా అని ఒక్కసారి పిలిస్తే చాలు.

సలోమి బల్లకు అవతల కూర్చుని బళ్లో పిల్లలకు పాఠం చెప్పే గొంతుతోనే చెబుతోంది, కొత్తవాళ్ల కోసం ప్రతి రెండో శనివారం మధ్యాహ్నం ఈ పుస్తకాల అంగడి మిద్దె మీద ఈ ఆట నేర్పిస్తుందట, ఇందులో గెలుపూ ఓటమీ లేవు, నేను కథ చెప్తా, ఆ కథలో మనుషులు మీరే, ఏం చేస్తారు అని అడుగుతా, ఏం చేస్తారో మీరు చెప్పాల, అది అయితాదో కాదో అనుమానమొస్తే పాచిక చెప్తాది, మీ ఇష్టం, ఏమన్నా చేయచ్చు, మీరు అంటోంది, చీరలంగడి సుమంత్‌కూ మీరే, ఆసుపత్రిలో నర్సు దివ్యశ్రీకీ మీరే, కన్నతల్లికీ మీరే, ఆళ్లగడ్డలో ఏ ఆడపిల్లయినా తల్లిని మీరు అంటుందా, నువ్వు అని కసిరినా బాగుండేది, ముందర పెట్టిన కాగితం మాత్రం కూతురి చేతిరాతే, పేరు, బలం, చురుకు, ఓర్పు, తెలివి, ధైర్యం, ఇరవై మార్కులు మీకు నచ్చినట్టు పంచుకోండి అంది, ఎస్తేరు వేలు పెట్టి ఒక్కొక్క మాటా కూడబలుక్కుని, పేరు దగ్గర ఎస్తేరు అనే రాసింది, ఓర్పుకు పదహారు వేసింది, మిగతా నాలుగింటికీ తలా ఒకటి, ఆడవాళ్ల ప్రార్థన కూడికలో అందరూ అనే మాట అదే కదా, ఎస్తేరక్క ఓర్పు చూసి నేర్చుకోండి అని, సుమంత్ తొంగిచూసి, తన పేరు రణధీర అని రాసుకున్నాడు వాడు, ఏంది పెద్దమ్మా, పులి కరుస్తా ఉంటే ఓర్చుకుంటా నిలబడతావా అన్నాడు, దివ్యశ్రీ పకపకా నవ్వింది, ఎస్తేరు కూడా నవ్వి సలోమి వైపు చూసింది, సలోమి నవ్వలేదు, పెన్సిలు చెక్కుకుంటోంది.

ఆ చేతిరాత చదవాలనే కదా అక్షరాలు దిద్దింది, మొగుడు నతానియేలు పోయాక, సమాధుల దొడ్డి గోడ పక్కన నిలబడి మట్టి వేయకుండానే బస్సెక్కిపోయిన కూతురికి ఎవరితో చెప్పి పంపాలి, ఎవరి చేత రాయించాలి, ఆ తలుపు తీయని మాట వేరేవాళ్ల చేత రాయించేది కాదు, చర్చి వరండాలో చిన్నపిల్లల పలక పట్టుకుని రెండేళ్లు దిద్దింది, ఫోనులో మొదట పంపిన ముక్క నీ ఆట చూసేదానికి వస్తా అని, అది రాయడానికి ఒక పూట పట్టింది, జవాబు రా అని ఒక్క అక్షరం, ఆ ఒక్క అక్షరాన్ని ఎన్నిసార్లు చదివిందో.

నల్లమలలో పాడుబడిన కోట, వాన కొడతాంది, వెనక పులి వస్తాంది అని సలోమి చెబుతుంటే నిజంగానే ఎస్తేరు ఒళ్లు జలదరించింది, కోట దాకా ముగ్గురూ పరుగెత్తాలి, పాచికలు వేయండి, సుమంత్‌కు పద్దెనిమిది, ఎస్తేరుకు పదమూడు, అమ్మయ్య బయటపడింది, దివ్యశ్రీకి రెండు, బురదలో జారింది, రణధీర కోటలోపలికి ఉరికి తలుపు మూసి గడియ పెట్టేస్తాడు అన్నాడు సుమంత్, నేను యాడుండా అంది దివ్యశ్రీ, మీరు బయటే, లేచి వచ్చి తలుపు కొడుతున్నారు అంది సలోమి, అని ఒక్క క్షణం ఆగింది, ఇది ముందే అనుకుని పెట్టుకున్నది కాదు, పాచిక మీద రెండు పడింది కాబట్టి వచ్చింది, ఆమె గొంతులోనే అది తెలిసింది, పులి ఇంకా వాగు అవతలే ఉంది అని ఎస్తేరు వైపు తిరిగి, లోపల తలుపు దగ్గర మీరున్నారు, ఏం చేస్తారు.

ఏడేళ్ల కిందట అప్పుడూ వానే, సాయంత్రం నాలుగైనా కాలేదు, నాలుగురోడ్ల కాడ ఎవరి బండో ఎక్కిందని విని సంఘ పెద్ద నతానియేలు జుట్టు పట్టుకుని పిల్లను బయటికి నెట్టి గడియ పెట్టాడు, అమ్మా తీయమ్మా, తడుస్తాండా, తలుపు తీయమ్మా, గడియ ఎస్తేరు చేతికందే ఎత్తులోనే ఉంది, ఏం చేస్తారు అని మళ్లీ అడుగుతోంది సలోమి, ఎస్తేరు సుమంత్ వైపు తిరిగింది, నువ్వు చెప్పు నాయనా, నేనేంది చెప్పేది పెద్దమ్మా, నీ వంతు ఇది, పాచిక వేయాల్నా పాపా, అక్కర్లేదు, గడియ తీస్తే వస్తుంది, దివ్యశ్రీ బల్లను వేళ్లతో టకటకా కొడుతూ తీ పెద్దమ్మా, పులికి పెడతావా నన్ను అని నవ్వుతోంది, ఎస్తేరు నోరు తెరిచింది, పెద్దోళ్లు వేసిన గడియ, మనమెట్లా తీస్తాము, సద్దు మణిగినాక చూద్దాము.

సచ్చిపోతి పో, నీ ఓర్పు సల్లగుండ, అని దివ్యశ్రీ తల పట్టుకుంది, సుమంత్ పడి పడి నవ్వాడు, సలోమి మెల్లగా తలుపు తీయలేదు అని రాసుకుని, దివ్యశ్రీకి కొత్త కాగితం ఇచ్చి, టీ తాగి రండి అంది, వాళ్లిద్దరూ మెట్లు దిగిపోయారు, ఇద్దరే మిగిలారు, ఫ్యాను తిరుగుతోంది, సలోమి కాగితాలు సర్దుతూ తల ఎత్తకుండా, ఏమన్నా చెప్పేదానికి వచ్చినావా అంది, మీరు అనలేదు, ఇన్నేళ్లకు నోటితో నువ్వని పిలిచింది, మీ నాయనకు అనే మాట ఎస్తేరు పెదాల మీదే ఉంది, సలోమి బుగ్గ మీద చిన్నప్పటి సొట్ట అట్లానే ఉంది, చెప్పు అనుకుంది, మీ నాయనకు బయపడి, ఎంత చిన్న మాట, కానీ ఇప్పుడు ఆటలో ఎవరికి భయపడింది, గడగడా మాట్లాడే చీరలంగడి పిల్లోడికా, లేని పులికా, ఏమీ లేదు పాపా, ఊరికే వస్తి అంది, సలోమి తల ఊపి కాగితాలు తీసుకుని బయటికి నడిచింది, అమ్మా అనలేదు, అనదు, ఎస్తేరు బల్ల దగ్గరే కూర్చుండిపోయింది, ఏడేళ్లు తప్పంతా ఆయన మీద పెట్టి బతికింది, ఆయన చేయి, ఆయన కేక, ఆయన గడియ, ఆ కోటలో నతానియేలు లేడు, గడియ దగ్గర తానొక్కతే ఉంది.