కళ్లలో నిప్పులు

తెల్లారకముందే ఇంటి వెనక బట్టల రంగుల కార్ఖానాలో పొయ్యి రాజేసేది పెద్దకోడలే. నీళ్లు కాగేలోపు బట్టలు నానేసి, తొట్టి ముందు పీట వేసుకునేది. ఆ ఇంట్లో ఎవరి పనికి తగ్గట్టు వాళ్ల ఒళ్లు మారడం మామూలే. రంగు ఉడికిందో లేదో వాసన చూసీ చూసీ మామగారి ముక్కు జానెడు సాగింది. ఎత్తు తాళ్ల మీద బట్టలారేసే పెద్దబ్బాయికి చేతులు మోకాళ్లు దాటాయి. పెద్దకోడలికి మాత్రం ఇన్నేళ్లలో పొక్కులు తప్ప ఏమీ రాలేదు.

అంతలో చిన్నకోడలు కాపురానికొచ్చింది. నెల తిరక్కుండానే బాతుకాళ్లకున్నట్టు ఆమె చేతివేళ్ల మధ్య తోలు పుట్టింది. ఒక్క తోపుకి బట్ట తానంతా రంగులో మునిగిపోయేది.

"చేతులంటే అవమ్మా!" అన్నారు మామగారు.

పెద్దకోడలికి ఒళ్లు మండిపోయింది. "నిన్నగాక మొన్నొచ్చిన దానికి తోలొచ్చింది, నేనేం పాపం చేశాను?" అని మొగుడి దగ్గర ఏడ్చింది.

"పోనీలేవే, నా చేతులు నీవి కావూ?"

"ఎందుకూ, దండెం కట్టుకోడానికా?"

మర్నాడు పంతం పట్టి అదే తొట్టిలో తనూ చేతులు పెట్టింది. ఒకరు ముంచితే ఒకరు లాగారు. తానంతా మచ్చలే.

"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. తొట్టి చిన్నదానికి వదిలెయ్, నువ్వు చీకటిగది చూసుకో" అన్నారు మామగారు. తడి తాను మీద వెలుతురు పడితే రంగు పాడవుతుందని ఆ గదిలో ఆరేస్తారు. మచ్చలుంటే ఆరాకే తెలిసేది, అప్పటికి చేసేదేమీ ఉండదు. అక్కడ చూసుకోడానికేముంది? మూల కూర్చోబెట్టడమేగా!

విసురుగా వెళ్లి తలుపేసుకుంది. బయట చిన్నకోడలి నవ్వు వినపడింది. "దాని చేతులు పడిపోను!" అని పళ్లు నూరింది. కళ్లు భగ్గుమన్నాయి. గదంతా ఎర్రటి వెలుగు పరుచుకుంది. ఆ వెలుగులో తడి తాను మీద ప్రతి మచ్చా కనపడింది.

"ఈ అంచుకి రంగు పట్టలేదు! ఆరకముందే మళ్లీ ముంచు!" అని అరిచింది.

మామగారు తొంగిచూశారు. ముక్కు తానుకి ఆనించి వాసన చూస్తే రంగు చెక్కుచెదరలేదు. "కళ్లలో నిప్పులు పోసుకుంటుందని ఊరికే అనేవాళ్లం" అన్నారు. ఆవిడ సరేనంటేగానీ ఆ తర్వాత ఒక్క తానూ గడప దాటలేదు.

ఒకరోజు చిన్నకోడలు నూనె గిన్నెతో వచ్చి, ఆవిడ పాత పొక్కుల మచ్చలకి మెల్లగా రాయడం మొదలెట్టింది. "ఎంత కష్టపడ్డావక్కా" అంది. పెద్దకోడలి మనసు కరిగిపోయింది. గది చీకటైపోయింది.

"అయ్యో, నా కళ్లు! మళ్లీ ఎందుకూ పనికిరాకుండా పోయానే!"

చిన్నకోడలు కాసేపు ఆలోచించింది. "చెప్పడం మరిచాను. కొత్త తొట్టి నా కోసమే కట్టిస్తున్నారట మామయ్యగారు. నాలాంటి కోడలు ఇంకెవరికీ లేదట."

గది భగ్గుమంది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే చిన్నకోడలు తలుపు దగ్గర నిలబడి తన గొప్ప ఒకటి చెప్పి పోతుంది. కాస్త ఆలస్యమైతే, "ఏమే, ఇవాళ నీ గొప్పేదో ఏడువు!" అని లోపల్నుంచి కేక వినపడుతుంది. అన్నీ అబద్ధాలేనని పెద్దకోడలికి తెలుసు. తెలిసినా మండుతుంది.